చేతి మీద సెన్సర్ సరే, గీతను చదివేదెవరు?

విజయవాడ సూర్యారావుపేటలో ఉదయం ఏ ల్యాబు ముందు నిలబడినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. పరగడుపున రక్తం ఇచ్చినవారు మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని పక్కనున్న టిఫిన్ హోటలుకు వెళ్తారు. ఇడ్లీ తిని, రెండు గంటలకు మళ్ళీ రక్తం ఇవ్వడానికి తిరిగొస్తారు. పరీక్షకు ముందు వారం రోజులు అన్నం తగ్గించి, స్వీట్లు మానేసి వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారన్న సంగతి వైద్యులకూ తెలుసు, ఇంట్లోవాళ్ళకూ తెలుసు. అయినా ఆ రెండు అంకెల మీదే రాబోయే మూడు నెలల మందుల చీటీ తయారవుతుంది.

జబ్బ వెనక అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ ఈ తంతుకు స్వస్తి చెబుతుందని ప్రకటనలు చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నవారే కాబట్టి, ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అలాగని అందరికీ ఒకే మాటగా ఒప్పుకోనూలేం.

ఈ పరికరం రక్తాన్ని కొలవదు. దాని కింద ఉండే సన్నని తీగ చర్మం కింద కణాల మధ్య ఉన్న ద్రవంలోకి చేరుతుంది. తీగ కొనమీది ఎంజైము అక్కడి గ్లూకోజ్‌తో చర్య జరిపినప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును లెక్కగట్టి, కొన్ని నిమిషాలకోసారి ఫోనుకు అంకె పంపుతుంది. ఆ అంకెలన్నీ కలిసి ఫోను తెర మీద ఒక గీతగా సాగుతాయి. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవంలో కనబడడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా పడిపోతున్నప్పుడు ఈ ఆలస్యం ప్రమాదకరం కాగలదు: ఒళ్ళు చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, ఫోనులో 85 కనిపించినా వేలిని పొడిచి చూసుకోవాల్సిందే. సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకుంటే ఆ ఒత్తిడికే అంకె తగ్గి, అర్ధరాత్రి అలారం ఇల్లంతా లేపిన సందర్భాలూ ఉన్నాయి. మోతాదు మించిన విటమిన్ సి బిళ్ళలు కొన్ని సెన్సర్లలో అంకెను ఎక్కువ చేసి చూపిస్తాయి.

ఇన్ని లోపాలున్నా దీని విలువ ఎక్కడుందంటే, సగటు దాచిపెట్టేదాన్ని ఇది బయటపెడుతుంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 7 శాతం వచ్చిందంటే గత రెండు మూడు నెలల్లో గ్లూకోజ్ సగటు సుమారు 154 అని అర్థం. రోజంతా 120కీ 190కీ మధ్య తిరిగే మనిషికీ, మధ్యాహ్న భోజనం తర్వాత 280కి ఎగసి తెల్లవారుజామున 55కి పడిపోయే మనిషికీ అదే 7 రావచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఏడాది సగటు ప్రవాహం చెప్పి ఊరుకుంటే, 2024 సెప్టెంబరు ఆరంభంలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద అందులో కనబడదు. అందుకే 2019లో అంతర్జాతీయ నిపుణులు సగటు పక్కన మరో కొలమానాన్ని పెట్టారు: 70కీ 180కీ మధ్య రోజులో కనీసం 70 శాతం సమయం, అంటే దాదాపు పదిహేడు గంటలు ఉండాలి, 70 కంటే కిందికి పోయే సమయం 4 శాతం, అంటే గంట మించకూడదు. వయసు పైబడినవారికి మొదటి లెక్కను 50 శాతానికి సడలించి, రెండోదాన్ని మాత్రం 1 శాతానికి బిగించారు.

సత్యనారాయణపురంలో ఉండే మా బాబాయి గత వేసవిలో ఒకటి పెట్టించుకున్నారు. మొదటి నాలుగు రోజులు పరీక్ష రాసే పిల్లాడిలా మెలిగారు, గీత కూడా బుద్ధిగానే నడిచింది. పద్నాలుగు రోజులు నటించడం ఎవరివల్లా కాదు కాబట్టి ఐదో రోజునుంచి అసలు జీవితం బయటపడింది. అందరం నూజివీడు రసాలను అనుమానించాం. తీరా చూస్తే, షుగరుకు మంచిదని రోజూ పొద్దున్నే తాగే రాగి జావే గీతను అన్నింటికంటే ఎత్తుకు లేపుతోంది. పిండిని ఉడికించి పల్చగా తాగితే అది త్వరగా జీర్ణమై రక్తంలో కలుస్తుందని ఆ తర్వాత తెలిసింది, అదీ ఒక బంధువైన పోషకాహార నిపుణురాలి ద్వారా. సెన్సర్ పెట్టిన క్లినిక్‌లో మాత్రం పద్నాలుగు రోజుల నివేదికలో సగటు అంకె ఒక్కటి చూసి, పాత మందులే రాసి పంపించారు.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. సెన్సర్ ఒక్కటీ నాలుగైదు వేల రూపాయలు. రెండు వారాలకొకటి చొప్పున ఏడాదికి 26 కావాలి, ఖర్చు లక్ష దాటుతుంది. బిళ్ళలతో షుగర్ అదుపులో ఉన్నవారు ఇంత పెట్టనక్కర్లేదు. మందు మార్చినప్పుడో, అంకెలకు కారణం అంతుబట్టనప్పుడో రెండు వారాలు పెట్టుకుని, తిన్నదీ నడిచిందీ కాగితం మీద రాసుకుని, ఆ గీతను ఎదుట పెట్టుకుని అరగంట మాట్లాడే మనిషి దొరికితే చాలు. ఆ అరగంటకు మన ఓపీల్లో చోటు లేదు. రోజుకొక ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారి సంగతి కొంత వేరు: 2021లో అమెరికాలో 175 మంది మీద జరిపిన పరీక్షలో ఎనిమిది నెలలకు సెన్సర్ వాడినవారి హెచ్‌బీఏ1సీ, వేలిపోటుతో సరిపెట్టుకున్నవారి కంటే 0.4 మేర ఎక్కువ తగ్గింది. గొప్ప తేడా కాదు, కానీ కొట్టిపారేసేదీ కాదు. ఇక చర్మాన్ని పొడవకుండానే షుగర్ చెబుతామనే గడియారాలు, ఉంగరాల జోలికి పోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

విలాసం కాక అవసరమే అయిన వర్గం టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు. వారి శరీరంలో ఇన్సులిన్ దాదాపు ఉండదు, రోజుకు నాలుగైదు ఇంజెక్షన్లు తప్పవు, నిద్రలో షుగర్ పడిపోతే వారికై వారు లేవకపోవచ్చు. ప్రభుత్వం ఈ పరికరం మీద రూపాయి ఖర్చు పెట్టదలిస్తే మొదటి రూపాయి వీరికే చెందాలి. అయితే విజయవాడ, గుంటూరుల్లో కాలేజీ వయసు పిల్లలు ఎందరో రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు, అక్కడ ఫోనుకు అనుమతి ఉండదు. ఫోను లేనిదే ఒంగోలులో ఉన్న తల్లికి ఆ అంకె చేరదు. ఫోనుకు బదులు చిన్న రీడర్ ఇవ్వవచ్చు, అదీ అలారం మోగిస్తుంది. కానీ రాత్రి రెండింటికి అది మోగితే లేచి గ్లూకోజ్ నీళ్ళు తాగించేదెవరో, అది తన పని అని వార్డెనుకు చెప్పినవారెవరో ఏ హాస్టల్ నిబంధనల్లోనైనా రాసి ఉందా అని, చేర్పించే రోజునే తల్లిదండ్రులు అడగాలి.