గోడ మీది ఫార్మసిస్టు సర్టిఫికెట్ గారికి

మహారాజశ్రీ సర్టిఫికెట్ గారికి,

మా వీధి చివరి మెడికల్ షాపులో, వేంకటేశ్వరస్వామి పటానికి కాస్త కిందగా వేలాడుతున్న తమరికి నమస్కారాలు. స్వామికి రోజూ దండ మారుతుంది, తమరికి దుమ్ము కూడా దులపరు. అయినా ఆ షాపు నడిచేది తమరి మహిమతోనే అని వీధిలో అందరికీ తెలుసు. 1948 నాటి ఫార్మసీ చట్టం, 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆయన బదులు ఆయన ఫొటో ఇచ్చినా చెల్లుతుందని చట్టంలో ఎక్కడుందో నాకు దొరకలేదు. ఆచారంలో మాత్రం ఉంది.

మీ అసలు మనిషి ఎక్కడున్నారండీ? అమెరికాలో అని కొందరు, జీడిమెట్ల మందుల కంపెనీలో అని కొందరు. ఎక్కడున్నా తమరి అద్దె నెలనెలా ముడుతోందట. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఏడాదికోసారైనా సున్నం వేయించాలి. తమరికి ఆ ఖర్చూ లేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సిడ్నీలో మీ జాతివాళ్లు చేసిన పని ఒకటి చదివాను. 10 మందుల షాపుల్లో 65 దాటిన 1,000 మందికి ఫార్మసిస్టులే నాడి పట్టి చూశారు, ఫోనుకి తగిలించిన చిన్న పరికరంతో ఈసీజీ తీశారు. 2014లో ఆ వివరాలు అచ్చయ్యాయి. నూటికి ఒకటిన్నర మందిలో, అంటే 15 మందిలో, అంతవరకూ ఎవరికీ తెలియని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. గుండె పై గదులు లయ తప్పి వణకడం అన్నమాట. అలా వణికే గదిలో రక్తం ఓ మూల నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు 5 రెట్లు. చాలామందికి ఏ బాధా తెలియదు. ముందే కనిపెట్టి రక్తం గడ్డకట్టకుండా మందు వాడితే ముప్పు మూడింట రెండొంతులు తగ్గుతుంది.

మన షాపులోనూ పరీక్షలు జరుగుతాయి లెండి. మొన్న ఒక తాతగారు కౌంటరు పట్టుకుని నిలబడి, "బాబూ, గుండె దడదడలాడుతోందిరా" అన్నారు. కుర్రాడు తలెత్తకుండానే "గ్యాస్ తాతగారూ" అన్నాడు. కత్తెరతో షీటులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి చేతిలో పెట్టాడు. బీపీ కూడా చూశాడు, ముప్పై రూపాయలు. మిషన్ తెరమీద అంకెల పక్కన గుండె బొమ్మొకటి టపటపా వెలిగింది. "ఇదేంట్రా?" అని అడిగారు తాతగారు. "బ్యాటరీ తక్కువైందండీ."

కొన్ని మిషన్లలో నాడి లయ తప్పితే కనిపించే గుర్తు అది. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2013లోనే, బీపీ చూసేటప్పుడు ఈ జబ్బును కూడా పసిగట్టే మిషన్ ఒకటి వాడమని చెప్పింది. మన దగ్గర బ్యాటరీలు మార్చారు.

తమరి తరఫు లాయరు ఏమంటాడో నాకు తెలుసు. లక్షణాలు లేనివాళ్లందరికీ ఈ పరీక్ష చేస్తే లాభమా నష్టమా తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల సంఘం 2022లో చెప్పింది. నిజమే. కానీ అది లక్షణాలు లేనివాళ్ల మాట. దడగా ఉందని నోరు తెరిచి చెప్పిన తాతగారి మాట కాదు. పైగా 65 దాటినవాళ్లు ఏ పని మీద వచ్చినా ఒకసారి నాడి చూడమని యూరప్ గుండె డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. తేడా కనిపిస్తే ఈసీజీ చూసి ఖాయం చేసేది ఎలాగూ డాక్టరే. తమరు చేయాల్సిందల్లా పంపడం.

జబ్బు బయటపడ్డవాళ్ల గతి ఇంకా బాగుంది. ఈ జబ్బుకే, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడే మా పక్కింటి మామ్మగారు మోకాళ్ల నొప్పులని వెళ్తే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇచ్చి పంపాడు కుర్రాడు. ఆ రెండూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది. వాడికి ఎవరు చెప్పారని తెలుస్తుంది? వాడిది పదో తరగతి. డాక్టరు గారి రాత చదవగలగడం ఒక్కటే వాడి డిగ్రీ, ఆ విద్యలో మాత్రం వాడు పీహెచ్‌డీ. వాడి మీద నాకేం కోపం లేదు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా నిలబడేది వాడు, పేరు తమరిది.

కనుక మనవి. వారానికి ఒక పూటైనా మీ మనిషిని పంపండి. కుర్చీ ఉంది, దాని మీది డైపర్ల అట్టపెట్టెలు తీయిస్తాం. అదీ కుదరకపోతే వీడియో కాల్ చేసి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఎలా ఆనించాలో, అర నిమిషం ఏం గమనించాలో వాడికి చూపించమనండి.

ఇట్లు,
తమరి దర్శనం రోజూ చేసుకునే వినియోగదారుడు

తా.క.: డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చే గురువారం తనిఖీకి వస్తున్నారని షాపులో ముందే తెలిసిపోయింది. ఆ రోజు మీ మనిషి సెలవు పెట్టుకుని జీడిమెట్ల నుంచి దిగుతారట, తెల్లకోటు కూడా ఇస్త్రీకి వెళ్లింది. తాతగారినీ గురువారమే రమ్మన్నాం.