జర్మన్ షష్ఠి గుడికి మేమే పూజారులం

‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని రాగం తీసి వల్లించిన జాతి మనది. ఎనిమిది విభక్తుల్ని ఎక్కాలతో పాటు మింగి అరిగించుకున్నాం. అందుకే జర్మన్‌లో విభక్తులు నాలుగేనని తెలిసిన రోజు, స్టుట్‌గార్ట్‌లో సాయంత్రం క్లాసులో కూర్చుని, సగానికి సగం తగ్గింపు దొరికినట్టు మురిసిపోయాను. ఆ మురిపెం జెనిటివ్ వచ్చేదాకానే.

జెనిటివ్ అంటే మన షష్ఠి. మన షష్ఠి సాధుజీవి. దాని అధికారిక గుర్తు ‘యొక్క’ను కోర్టు కాగితాలు, అనువాదకులు తప్ప ఎవరూ ముట్టుకోరు. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, చెయ్యి ‘చేతి’ అవుతుంది, పని జరిగిపోతుంది. జర్మన్‌లో సొంతదారు పుంలింగమో నపుంసకమో అయితే ముందు ‘డెస్’ అనే టోపీ, వెనక ‘స్’ అనే తోక. డాస్ హౌస్ డెస్ ఫాటర్స్: నాన్న ఇల్లు. స్త్రీలింగానికి తోక లేదు, టోపీ ‘డేర్’. డాస్ హౌస్ డేర్ ముట్టర్: అమ్మ ఇల్లు. ఈ ‘డేర్’ ఎవరనుకున్నారు? మొదటి పాఠంలో మగవాళ్ళ ముందు మీసం మెలేసి నిలబడ్డ డేరే! ఇప్పుడు అమ్మ ముందు చేతులు కట్టుకుంది. ఇక అమ్మాయి, అంటే ‘మేడ్షెన్’, వ్యాకరణంలో నపుంసకం కాబట్టి ఆమెకు తోక ఉంటుంది: డెస్ మేడ్షెన్స్. పెద్దదై ‘ఫ్రావ్’ అయ్యాక ఊడిపోతుంది. ప్రేమ, ‘లీబె’, స్త్రీలింగం, తోక ఉండకూడదు. ప్రేమలేఖ మాత్రం ‘లీబెస్‌బ్రీఫ్’. ఈ ‘స్’ ఎక్కడిదని మేడంని అడిగితే, సమాసంలో వస్తుందండీ అన్నారు. ప్రేమలో ఇలాంటివి వస్తాయని నేనూ ఊరుకున్నాను.

ఇంత కష్టపడి నేర్చింది ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి కదా. ఒక శనివారం వానలో బేకరీకి వెళ్ళాను. ‘వేగెన్’ అంటే ‘వల్ల’. దాని వెనక జెనిటివ్ రావాలని పుస్తకం. ఇవాళ జనం లేరే అని మాట కలిపి, ‘వేగెన్ డెస్ రేగెన్స్’ అన్నాను. వాన వల్ల, తోకతో సహా. కౌంటర్ వెనకావిడ ఏప్రాన్ మీద పిండి దులుపుకుంటూ ‘యా, వేగెన్ డేమ్ రేగెన్’ అంది. డేటివ్! అంటే మన ‘కి, కు’ల బాపతు విభక్తి. పట్టపగలు, నలుగురి ముందు. నేను దిద్దబోయి ఆగాను. నేను కొన్న బ్రెట్సెల్ రొట్టె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఆరా తీస్తే తేలిందేమంటే, చాలా జర్మన్ మాండలికాల్లో జెనిటివ్ ఎప్పుడో కాలం చేసింది. ‘యొక్క’ లాంటి ‘ఫొన్’ అనే మాట పెట్టి డేటివ్‌తో కానిచ్చేస్తారు. లేదంటే ‘డేమ్ ఫాటర్ జైన్ హౌస్’ అంటారు, అంటే ‘నాన్నకి ఆయన ఇల్లు’. మర్చిపోవడమనే క్రియ కూడా ఒకప్పుడు జెనిటివ్ అడిగేది. ఆ ముచ్చట ‘ఫెర్గిస్‌మైన్‌నిష్ట్’ అనే నీలం పువ్వు పేరులో మిగిలింది. నన్ను మరవకు అని ఆ పేరుకు అర్థం. మరిచారు. షాపు బోర్డుల మీద ఇంగ్లీషు వాళ్ళను చూసి ‘స్’ ముందు పెట్టే గుర్తును మాత్రం ‘మొద్దుల అపాస్ట్రఫీ’ అని ఏళ్ళ తరబడి తిట్టారు; 2024లో వర్ణక్రమ మండలి, మనుషుల పేర్లతో ఉన్న దుకాణాల వరకు దాన్నీ క్షమించేసింది.

మరి జెనిటివ్‌ను కాపాడుతున్నదెవరు? ఆఫీసు ఉత్తరాలు, ఆ తర్వాత మేము. ఊరంతా ఖాళీ అయ్యాక గుడిలో దీపం పెట్టే పని వలస వచ్చినవాళ్ళకు పడింది. కాబట్టి పరీక్షలో తోక మర్చిపోతే మార్కు కోసే ముందు, ఒకసారి బేకరీ దాకా రమ్మని పరీక్షాధికారులకు మనవి. అది కుదరకపోతే మన దారి పట్టండి. కి, కు, యొక్క మూడింటినీ షష్ఠి అనే ఒకే ఇంట్లో కాపురం పెట్టించాం. ఇన్నేళ్ళలో ఒక్క పంచాయితీ రాలేదు.

మొన్న పొద్దున మెట్ల దగ్గర పక్కింటి పెద్దాయన గొంతు వినబడింది: ‘డేమ్ ఇండర్ జైన్ ఫార్‌రాడ్!’ ఇండియావాడి సైకిలు. పాపం, మళ్ళీ డేటివ్. ‘డాస్ ఫార్‌రాడ్ డెస్ ఇండర్స్’ అని మనసులో దిద్దుకుంటూ, టోపీ సరే, తోక సరే అని చూసుకుంటూ నింపాదిగా దిగుతున్నాను. ఆ భవనంలో ఇండియావాణ్ని నేనొక్కణ్ణే అని రెండో అంతస్తులో గుర్తొచ్చింది. కింద చెత్త లారీ హారన్ కొడుతోంది.