మచ్చ తెగులుకు మంచు మీద నింద

పది రోజులుగా మా లంక ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజి తిరుగుతోంది. "మార్గశిర మంచులో విషం ఉంటుంది. అది పడిన ఆకుకే మచ్చ, బూజు, బూడిద వస్తాయి. పొద్దుటే ఆకులు నీళ్లతో కడగండి, సాయంత్రం మళ్లీ తడపండి. రాలిన ఆకు పాదు మొదట్లోనే వేయండి, ఎరువవుతుంది. తగ్గకపోతే స్ట్రెప్టోసైక్లిన్ కొట్టండి." రావులపాలెం అవతల ఒకాయన నిజంగానే బీర పందిరికి పైపు పట్టేశాడండి.

విషమే అయితే అదే మంచు పడే వరీ, గట్టు మీద గడ్డీ కూడా మాడాలిగా? మంచు చేసేదల్లా ఆకును తడిగా ఉంచడం. తెగులు సిద్ధబీజం, అంటే దాన్ని వ్యాపింపజేసే సన్నని బీజం, ముందే తోటలోకి చేరి ఉండాలి. కొన్ని గంటలు తడి దొరికితే బూజు తెగులు ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరుతుంది. మంచు ఆరకముందు ఒక బీరాకు తిరగేసి చూడండి. పైన పసుపు మచ్చ ఈనెల మధ్య గళ్లు గీసినట్టు ఆగిపోయి ఉంటుంది, సరిగ్గా దాని కిందే బూడిద, ఊదా కలిసిన నూగు. పది దాటాక వెళ్తే ఆ నూగు అంతగా కనబడదు.

ఆ నూగు మీద పైపు పెడితే బీజాలు తుంపరలతో పక్కాకుల మీద పడతాయి. సాయంత్రం తడిపితే మంచుకు మనమే నాలుగు గంటలు అరువిచ్చినట్టు. పొద్దున్నే బోదెల్లో, అంటే వరసల మధ్య కాలువల్లో, నీళ్లు పారిస్తే చాలు. తడాకుల్లో కాయ కోసినా అంతే, చేతులకీ లుంగీకీ అంటుకుని వరసవరసకీ తిరుగుతుంది. మడికి అనే ఊళ్లోని మార్కెట్టుకి వేళవుతోందని నేనూ చేసిన పనే ఇది.

బూడిద తెగులు సంగతిలో మాత్రం సగం నిజముంది. దాని బీజం గాలికొచ్చి తడి లేని పొడి ఆకు మీద కూడా మొలుస్తుంది, నీళ్లు కొడితే కాస్త తగ్గుతుంది కూడా. కానీ ఆ తడికి బూజు వచ్చి కూర్చుంటుంది. బూడిదకు మందుగా గంధకం బెండకు సరే, బీర, దోస పాదులకు ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

రాలిన ఆకు మొదట్లో వేయడమా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. టమాటాలో ఉంగరాల మచ్చ నేలకు దగ్గరున్న ముసలాకు మీదే ఎందుకు మొదలవుతుంది? పాత మోళ్లలో, ఎండాకుల్లో బతికున్న తెగులు చినుకుతో పైకి చిందుతుంది కాబట్టి. ఏరి, తోట బయట గోతిలో పూడ్చండి.

స్ట్రెప్టోసైక్లిన్ బాక్టీరియా మందు, వీటిలో దేనికీ పనిచేయదు. మచ్చ తెగులుకు మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీళ్లకు 2.5 గ్రాములు, మచ్చలు ముదరకముందే, ఆకు కింద కూడా తడిసేలా కొట్టాలి.

అన్నట్టు, ఆ మెసేజి కింద పెట్టిన ఫోటో ఈనెలు పసుపెక్కిన బెండాకుది. అది పల్లాకు తెగులు, వైరస్. దాన్ని మోసేది తెల్లదోమ. మంచుతోనూ, పైపుతోనూ దానికి పనే లేదు.