టికెట్ కిటికీలో కులం

రష్యన్‌లో ‘ఉస్త్’ అంటే ఏరు వెళ్ళి నదిలో కలిసే చోటు. అక్కడ ఊరు కడితే ఏటి పేరుకు ముందు ఆ ముక్క తగిలిస్తారు. ఈ సంగతి నాకు మొన్న సాయంత్రం తెలిసింది. పొద్దున్నే తెలిసుంటే ఈ గోల ఉండేది కాదు.

తమ్ముణ్ణి చూడ్డానికి ఉత్తర రష్యాలో కోమి అనే ప్రాంతానికి రాజధాని అయిన సిక్తివ్కార్ వెళ్ళాను. వాడికేదో పనుందంటే ఒక్కణ్ణే ఉస్త్-విమ్ బయల్దేరాను. విమ్ అనే ఏరు విచెగ్ద నదిలో కలిసే చోట ఉన్న పల్లె అది. కోమి భాషకు లిపి కల్పించిన స్తెఫాన్ 1383లో బిషప్ అయ్యాక మకాం పెట్టింది అక్కడే. నాకేమో లిపుల పిచ్చి.

“ఊరి పేరు చెప్పు చాలు, ఉపన్యాసాలొద్దు” అని తమ్ముడి హితబోధ. టికెట్ల అద్దానికి చిల్లేమో నా బొడ్డు ఎత్తులో పెట్టారు. నడుం వంచి “ఉస్త్...” అన్నాను. అక్కడ ఆగిపోయాను. విమ్ అనబోతే అమ్మ గిన్నెలు తోమే సబ్బు గుర్తొచ్చింది. పైగా అందులో ఉన్నది మన ‘ఇ’ కాదు, కడుపులో గుద్దితే వచ్చే చప్పుడు. మూతిని అందుకు సిద్ధం చేస్తుండగా అద్దం వెనకావిడ విసుగ్గా అడిగింది:

“కులోమ్?”

నాకు వినపడింది, కులం?

అడక్కపోయినా నేను తోసిన పాస్‌పోర్టు ఆవిడ చేతిలోనే ఉంది. ఇంటిపేరు చూసి ఆరా తీస్తోందనుకున్నాను. అద్దె ఇంటికెళ్తే అడుగుతారు, సరే. రైల్లో పక్క సీటాయన పల్లీలు పెట్టి మరీ “ఇంతకీ మీరేవిట్లు?” అంటాడు, అదీ సరే. ఉత్తర రష్యాలో బస్సు టికెట్టుకి కూడానా! మనవాళ్ళెవరో ముందే వచ్చి అలవాటు చేసుంటారు. గట్టిగా జవాబివ్వాలని రష్యన్‌లో వాక్యం కూర్చడం మొదలెట్టాను. ఎనిమిది విభక్తులు చదువుకున్నవాణ్ణి, వాళ్ళ ఆరింటి దగ్గర తడబడ్డాను. వెనక క్యూ గొణుగుతోంది. ఆవిడ మళ్ళీ “కులోమ్?” అంది. అంత ఆవేశపడి చివరికి నేను చేసిందేమిటంటే, తలూపాను.

బస్సులో నిద్రపోయాను. దిగితే ఉస్త్-కులోమ్! నేను వెళ్ళాల్సింది నదికి దిగువన, వచ్చింది ఎగువకి. కోమిలో కులోమ్ అంటే చేపల వల, ఏటికి ఆ పేరు అందుకే వచ్చిందంటారు. తమ్ముడికి ఫోన్ చేస్తే ఈ వివరమంతా నవ్వుల మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఇన్ని ఉస్త్‌లున్న దేశంలో “ఏ ఉస్త్ బాబూ?” అని ఒక్క మాట అడిగితే ఆవిడ సొమ్మేం పోయింది? మన బస్టాండులో కొత్తపల్లి అంటే కసిరైనా సరే “ఏ కొత్తపల్లి?” అంటారు.

తిరుగు టికెట్టుకి వెళ్ళాను. అక్కడా అద్దమే, అక్కడా చిల్లే. “సిక్తివ్కార్” అన్నాను, ఒక్క ఊపిరిలో. 1930 దాకా దాని పేరు ఉస్త్-సిసోల్స్క్ అట. మార్చిన మహానుభావులెవరో గానీ, వాళ్ళకో దణ్ణం.