మొదటి ప్రెస్సింగే మేలైనదా? బడి రికార్డుల మీద ఒక మాటకు జవాబు

పాత గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేసేవాళ్ల మధ్య ఒక మాట బాగా చెలామణిలో ఉంది. అమెరికాలో విక్టర్ కంపెనీ బడిపిల్లలకు సంగీతం నేర్పడానికి వేసిన 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్ల) గురించి. మొదటి ప్రెస్సింగే, అంటే అచ్చుతో తొలిసారి నొక్కి తీసిన కాపీయే, అసలైనదట, శబ్దం దాంట్లోనే బాగుంటుందట. ఒకవైపే సంగీతం ఉంటే అది కచ్చితంగా మొదటిదేనట. నంబరు ఒకటైతే ఏ కాపీలో విన్నా ఒకటేనట. పైగా బడి రికార్డులు అరుదు కాబట్టి ఎంత చెబితే అంత పెట్టి కొనాలట. ఈ మాట నమ్మి నేనే ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్లకైనా అలా జరగకూడదని రాస్తున్నాను.

ముందు ఒకవైపు సంగతి చూద్దాం. మిల్వాకీ బడుల్లో సంగీత బోధన చూసుకునే ఫ్రాన్సిస్ ఇలియట్ క్లార్క్‌ను విక్టర్ 1911లో తన కేంద్రమైన క్యామ్డెన్‌కు పిలిపించి, కొత్తగా పెట్టిన విద్యా విభాగాన్ని ఆవిడ చేతికిచ్చింది. రెండువైపులా మోగే ప్లేట్లను అదే కంపెనీ 1908లోనే అమ్మకానికి తెచ్చింది. అంటే బడుల కోసం వేసిన వాటిలో చాలావరకు పుట్టుకతోనే రెండువైపులవి. మరోపక్క, పేరున్న గాయకుల రెడ్ సీల్ (ఎర్ర లేబుల్) ప్లేట్లు 1923 దాకా ఒకవైపే వచ్చాయి. వెనక నున్నగా ఉన్నంత మాత్రాన దాని వయసు తేలదు.

నంబరు ఒకటైతే సంగీతమూ ఒకటే అన్నది అన్నిటికంటే పెద్ద పొరపాటు. నా దగ్గర ఆర్కెస్ట్రా వాద్యాలను పరిచయం చేసే ప్లేటు రెండు కాపీలున్నాయి. లేబుల్ మీద నంబరు అదే, పేరు అదే. టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి చోట, ఎడమపక్కన చిన్న అంకె కనిపిస్తుంది. అది టేక్ నంబరు, అంటే ఎన్నోసారి వాయించినప్పుడు తీసిందో చెప్పే అంకె. ఒకదానికి 2, ఇంకోదానికి 5. రెండూ వరసగా వింటే, ఒకదాంట్లో క్లారినెట్ వాయించేవాడు వరస మధ్యలో ఊపిరి తీసుకున్నాడు, రెండోదాంట్లో ఒక్క దమ్ములో చివరిదాకా లాగాడు. ఇవి రెండు వేరు వేరు వాయింపులు! వీటిని పక్కపక్కన పెట్టి ప్రెస్సింగుల తేడా అని మాట్లాడుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. ప్రెస్సింగులు పోల్చాలంటే ముందు టేక్ ఒకటై ఉండాలి. ఆ తర్వాత కుడిపక్కన ఉండే అక్షరం చూడాలి, అది స్టాంపర్ గుర్తు, అంటే ప్లేటును నొక్కిన లోహపు అచ్చు ఏదో చెప్పేది.

ఇక శబ్దం. మైనం మీద కోసిన గాడి నుంచి లోహపు అచ్చు, దాన్నుంచి ఇంకో అచ్చు, దాన్నుంచి స్టాంపర్లు తీస్తారు. నొక్కేకొద్దీ స్టాంపర్ అరుగుతుంది, అరిగాక కొత్తది తీస్తారు. కాబట్టి తొలి స్టాంపర్ ఆఖర్న నొక్కిన ప్లేటు కంటే, ఏళ్ల తర్వాత కొత్త స్టాంపర్‌తో నొక్కింది స్పష్టంగా ఉండొచ్చు. ప్లేటు దినుసూ ముఖ్యమే. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్కే శుద్ధిచేస్తే షెల్లాక్ అవుతుంది. దాంట్లో కలిపే రాతిపొడి ఎంత గరుకైతే బుసబుస అంత ఎక్కువ. పైగా ఇవి బడుల్లో తిరిగిన ప్లేట్లు. ఉక్కు ముల్లు ఒక్కో వైపుకీ మార్చాలి, తరగతి గదిలో ఆ ఓపిక అందరికీ ఉండదు కదా. గాడులు బూడిదరంగుకు తిరిగిన తొలి కాపీలు నేను చాలా చూశాను. వాటిలో వినడానికి మిగిలింది తక్కువ.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కొన్ని తర్వాతి ప్లేట్లు నిజంగానే నకళ్లు, అంటే ఒక రికార్డును మోగించి దాన్నుంచి ఇంకోటి తీసినవి. అలాంటి వాటి మీద విక్టర్ ఎస్/8 అనే గుర్తు వేసేది. ఆ గుర్తుంటే తొలి కాపీ కోసం వెతకడంలో అర్థముంది. లేనివాటిని కూడా నకళ్లనడం అన్యాయం.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఈ రికార్డు దేనికి వేశారని. పిల్లలు వాద్యాన్ని గుర్తుపట్టాలి, అందుకు. 1925కు ముందు మైకు లేదు, శబ్దాన్ని పట్టే బాకా ముందు వాయించాల్సిందే. ఆ పద్ధతిలో సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్ దాకానే పట్టుబడేది. డబుల్ బేస్ అడుగు తీగ పలికేది 41 దగ్గర! చాలా రికార్డింగుల్లో దాని బదులు ట్యూబా వాయించేవారు. డబుల్ బేస్ ఎలా ఉంటుందో పిల్లాడికి నిజంగా వినిపించింది మైకుతో, అంటే ఎలక్ట్రికల్ పద్ధతిలో తిరిగి తీసిన తర్వాతి రికార్డులే. ఇవి తెలుసుకోవడానికి లేబుల్ డిజైను చాలదు. పాత రికార్డింగులనే 1926 తర్వాత కొత్త లేబుళ్లతోనూ అమ్మారు. నున్నటి చోట కోడిగుడ్డు ఆకారంలో గీత, దాని లోపల వీఈ అని ఉంటే అది ఎలక్ట్రికల్.

అరుదు అన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఊరూరా బడులకు అమ్మడానికే వేసిన సరుకు ఇది. దొరకనిది ప్లేటు కాదు, అరగని ప్లేటు. అమ్మేవాళ్లు మొదటి ప్రెస్సింగ్ అంటే, లేబుల్ ఫొటోతో సరిపెట్టుకోకండి. ఏటవాలు వెలుతురులో నున్నటి చోటును, గాడులను దగ్గరగా తీసి పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి.