గేమ్‌లో గోల్డ్ విలువ పడిపోతే ముందు కట్టాల్సింది కుళాయి

నేను చాలా ఏళ్లు ఆడిన ఒక గేమ్‌లో, పేరు అనవసరం, మొదటి గుర్రం కొనుక్కోవడానికి పదకొండు రోజులు తోడేళ్లను చంపుకుంటూ తిరిగాను. నాలుగేళ్ల తర్వాత మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, గుర్రానికి గోల్డ్ చాలట్లేదు" అన్నాడు. ఎంత కావాలని కూడా అడగలేదు, చేతికొచ్చినంత పంపేశాను. తర్వాత చూసుకుంటే అది గుర్రం ధరకి వంద రెట్లు. గుర్రాన్ని అమ్మేది ఎన్‌పీసీ, అంటే ఆటగాడు కాని, గేమే నడిపే పాత్ర, కాబట్టి దాని ధర నాలుగేళ్లుగా కదల్లేదు. ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే కత్తులు, కవచాలు, మందులు మాత్రం ఆకాశానికి ఎక్కి కూర్చున్నాయి. ఆ కుర్రాడు తోడేలును చంపితే వచ్చేది పాతకాలం కూలి, కొనాల్సింది కొత్తకాలం ధరకి. రెండు వారాలకే ఆట మానేశాడు.

ఆన్‌లైన్ గేముల్లో ద్రవ్యోల్బణం అంటే నా దృష్టిలో ఇదే. ధరలు పెరగడం ఒక్కటే సమస్య కాదు, అందరి సంపాదనా వాటితో పాటే పెరిగితే ఎవరికీ బాధ ఉండదు. పాతవాళ్ల సంపాదన పెరిగి, కొత్తవాళ్ల సంపాదన డెవలపర్ మొదటిరోజు రాసిన అంకె దగ్గరే ఆగిపోతుంది చూడండి, అసలు తిరకాసు అక్కడ ఉంది.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తుంది? గేమ్‌లో ప్రతి రాక్షసుడూ ఒక టంకశాల. మీరు చంపిన క్షణంలో సర్వర్ ఆ నాణేలను కొత్తగా పుట్టిస్తుంది, అంతకుముందు అవి ఎవరి జేబులోనూ లేవు. క్వెస్ట్ (గేమ్ అప్పజెప్పే పని) బహుమతి అయినా, చంపినవాటి దగ్గర దొరికే పనికిరాని లూట్‌ని ఎన్‌పీసీకి అమ్మితే వచ్చే సొమ్మయినా ఇంతే. డిజైనర్లు వీటిని కుళాయిలంటారు. డబ్బు శాశ్వతంగా మాయమయ్యే చోట్లు, అంటే రిపేర్ ఖర్చులు, ఫీజులు, పన్నులు, ఎన్‌పీసీ దగ్గర కొనే సామాను, ఇవన్నీ తూములు. ఆటగాడు ఆటగాడికి ఇచ్చే గోల్డ్ ఈ రెండింటిలోనూ రాదు, అది చేతులు మారుతుంది, అంతే. ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే సంత, అంటే ఆక్షన్ హౌస్‌లో లక్ష పెట్టి కత్తి కొంటే మీ లక్ష ఎక్కడికీ పోలేదు, అమ్మినవాడి దగ్గర ఉంది. ఇంత చిన్న విషయం మర్చిపోవడం వల్లే సగం పరిష్కారాలు తప్పుదారి పడతాయి.

కుళాయి అదుపు తప్పితే ఏమవుతుందో 1986 నాటికే తెలిసిపోయింది. లూకాస్‌ఫిల్మ్ తయారుచేసిన హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకంలో ఒక యంత్రం బొమ్మల్ని 75 టోకెన్లకి అమ్మేది, ఊరి రెండో చివర్లో తాకట్టు యంత్రం అదే బొమ్మని 100 టోకెన్లకి కొనేది. ఇంకో చోట 18,000కి దొరికే స్ఫటిక గోళాన్ని 30,000కి కొనేది. ఆటగాళ్లు కొందరు ఒక రాత్రంతా అటూ ఇటూ మోశారు. తెల్లారేసరికి ఆ లోకంలో ఉన్న మొత్తం డబ్బు అయిదు రెట్లయింది. మోసమేమీ లేదు, ధరల పట్టికలో పొరపాటు, దాన్ని పట్టుకున్న ఓపికమంతులు, అంతే.

మరి కుళాయే లేకుండా, ఉన్న సంపదే తిరుగుతూ ఉండేలా లోకాన్ని కడితే? 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ మొదట్లో అదే చేయబోయింది. లోకంలో మొత్తం వనరులు ఇన్నే అని లెక్క పెట్టుకుని, వాడినవి తిరిగొస్తే కొత్తవి పుట్టేలా కట్టారు. ఆటగాళ్లు ఏం చేశారంటే, దాచుకున్నారు. నైపుణ్యం పెంచుకోవడానికి కుట్టిన చొక్కాలు, ఎప్పటికైనా పనికొస్తాయనుకున్న తోళ్లు, అన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. వాళ్లు దాచేకొద్దీ లోకంలో పుట్టాల్సినవి పుట్టలేదు. చివరికి కుళాయిలు తెరవక తప్పలేదు. మనిషి దాచుకుంటాడని లెక్కలో రాసుకోని ఏ పథకమైనా ఇలాగే బెడిసికొడుతుంది.

ఇక సాధారణంగా జరిగే తప్పులు. మొదటిది, వస్తువు నాశనమైతే డబ్బు నాశనమైనట్టే అనుకోవడం. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్‌లో ఓడలు పేలిపోతాయి, పేలినవి తిరిగి రావు, అందుకే అక్కడ ఆర్థిక వ్యవస్థ ఆరోగ్యంగా ఉంటుందని చాలామంది రాస్తారు. వస్తువుల సంగతికొస్తే నిజమే. కానీ ఓడ పేలితే ఇన్సూరెన్స్ వస్తుంది, ఆ ఇన్సూరెన్స్ సొమ్ముని ఇచ్చేది గేమే, అంటే కొత్తగా పుట్టిన డబ్బు. యుద్ధం ఒక పక్క ఓడల్ని మింగుతూ ఇంకో పక్క డబ్బు కుమ్మరిస్తుంది. వస్తువులు తగ్గి డబ్బు పెరిగితే ధరలు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు. అసలు డబ్బుని తగ్గించేది అక్కడి అమ్మకపు పన్ను, బ్రోకర్ ఫీజు లాంటివి. వాటి గురించి ఎవరూ వీరగాథలు రాయరు.

రెండోది, రిపేర్ ఖర్చుల్లాంటి ఫిక్స్‌డ్ ఫీజులు పెంచడం. డెవలపర్లకి ఇది సులువు, ఒక అంకె మార్చితే చాలు. కానీ చనిపోయిన ప్రతిసారీ వంద గోల్డ్ కట్టమంటే, పది లక్షలున్నవాడికి అది గమనించేంత ఖర్చు కాదు, రెండొందలున్నవాడికి సాయంత్రం ఆట వృథా. ద్రవ్యోల్బణంతో ముందే నలిగినవాడి మీదే మందు పేరుతో ఇంకో దెబ్బ.

మూడోది కాస్త తెలివైనది: ధనవంతులకి ఖరీదైన షోకు వస్తువు చూపించడం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ విద్యలో ఆరితేరింది. 2007లో వేగంగా ఎగిరే విద్యకి 5,000 గోల్డ్, 2008లో వెనక దుకాణదారుల్ని మోసుకెళ్లే మామత్ ఏనుగుకి 20,000, 2018లో వీపు మీద ఆక్షన్ హౌస్‌నే మోసే డైనోసార్‌కి 50 లక్షలు. అంకెలు ఎలా పెరిగాయో చూడండి, పదకొండేళ్ల ద్రవ్యోల్బణం చరిత్ర ఆ మూడు జంతువుల ధరల్లోనే ఉంది (సరే, మొదటిది జంతువు కాదు, దాన్ని ఎక్కే విద్య). ఇవి పనిచేయవని కాదు. ఒక్కసారే పనిచేస్తాయి. కొన్నవాడు రెండోసారి కొనడు, కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది, కాబట్టి రెండేళ్లకి ఇంకా పెద్ద జంతువు కావాలి.

2015లో అదే గేమ్‌లో వచ్చిన టోకెన్‌ని కూడా కొందరు విరుగుడు అనుకున్నారు. ఒకడు అసలు డబ్బుతో టోకెన్ కొని ఆక్షన్ హౌస్‌లో పెడతాడు, ఇంకొకడు గోల్డ్ ఇచ్చి ఆట సమయం తీసుకుంటాడు. గోల్డ్ పుట్టలేదు, చావలేదు. దొంగచాటుగా గోల్డ్ అమ్మేవాళ్ల బేరం తగ్గించడానికి అది మంచి ఆయుధమే, ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి పెట్టెలో కదలకుండా ఉన్న పాతవాడి గోల్డ్, వెంటనే ఖర్చుపెట్టే తొందరలో ఉన్నవాడి చేతికి వచ్చింది. కదలని డబ్బు కదిలితే ధరల మీద ఒత్తిడి తగ్గుతుందా, పెరుగుతుందా?

ఆటగాళ్లు మాత్రం డెవలపర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. డయాబ్లో 2 అనే గేమ్‌లో గోల్డ్ చిత్తుకాగితం అయిపోయినప్పుడు స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్ని నాణెంగా చేసుకున్నారు. దాన్నీ బగ్‌తో నకళ్లు తీశారనుకోండి. తర్వాత 2003 ప్యాచ్‌లో (గేమ్‌కి చేసిన అప్‌డేట్‌లో) డెవలపర్లు వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది: ఆ ఉంగరాల్ని ఎన్‌పీసీలకి చాలినన్ని అమ్మితే ఆ గేమ్‌లోని పెద్ద రాక్షసుడు డయాబ్లో భయంకరమైన ప్రత్యేక రూపంలో దిగుతాడు, వాడిని చంపితే మంచి బహుమతి. ఆటగాళ్లు తమ నాణేల్ని తామే సంతోషంగా తగలబెట్టుకున్నారు. పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఇదే ఆలోచనని పునాదిలోనే పెట్టింది. అక్కడ బేరాలకి వాడే ఆర్బ్‌లే (మాయా గోళాలే) ఆయుధాల్ని మార్చడానికీ వాడాలి, వాడితే ఖర్చయిపోతాయి. డబ్బే ముడిసరుకు అయినప్పుడు దాన్ని మింగడానికి వేరే తూము తవ్వక్కర్లేదు.

ఇప్పటికే నడుస్తున్న గేమ్‌కి పునాది మార్చలేం కదా అంటారా. అక్కడ నాకు బాగా నచ్చింది ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ దారి. 2021 డిసెంబర్‌లో వాళ్లు గ్రాండ్ ఎక్స్చేంజ్ అనే తమ గేమ్ మార్కెట్లో జరిగే అమ్మకాల మీద 1 శాతం పన్ను పెట్టారు, 2025లో 2 శాతం చేశారు. మరీ చౌక వస్తువుల మీద పన్ను పడదు, కొత్తవాడికి అది తగిలేదే తక్కువ. ఎక్కువ కొని అమ్మేవాడే ఎక్కువ కడతాడు, ధరలు పెరిగితే పన్నూ దానంతటదే పెరుగుతుంది, ఎవరూ కూర్చుని అంకెలు మార్చక్కర్లేదు. ఇంకో మెలిక ఉంది. వచ్చిన పన్నులో కొంత పెట్టి, మరీ ఎక్కువైపోయిన వస్తువుల్ని గేమే మార్కెట్లో కొని మాయం చేస్తుంది. అలా కొన్నప్పుడు ఆ డబ్బు మళ్లీ ఆటగాళ్లకే చేరుతుంది నిజమే, కానీ ధరలు కుప్పకూలిన వస్తువులకి కాస్త విలువ నిలుస్తుంది, దాని కోసం కష్టపడి బాస్‌లని, అంటే పెద్ద శత్రువుల్ని, కొట్టేవాడి శ్రమకీ విలువ ఉంటుంది.

అయినా పన్ను ఒక్కటే చాలదు, కుళాయి దగ్గరికి రాకుండా తూములు ఎన్ని తవ్వినా లాభం లేదు. డెవలపర్లకి అక్కడ చెయ్యి పెట్టాలంటే భయం. రిపేర్ ఖర్చు పెంచితే గొణుగుతారు, లూట్ తగ్గిస్తే తిరగబడతారు. 2020 చివర్లో ఈవ్ ఆ సాహసం చేసింది. ఒకే ప్రాంతంలో అందరూ కూర్చుని శత్రువుల్ని దంచుతూ ఉంటే అక్కడ బౌంటీ, అంటే చంపినందుకు గేమ్ ఇచ్చే సొమ్ము, తగ్గుతుంది, జనం లేని చోట పెరుగుతుంది. ఆటగాళ్ల తిట్లు మామూలుగా లేవు. కానీ ఆలోచన సరైనదే, ఎందుకంటే రోజుకి ఇరవై గంటలు ఒకే చోట దంచేది చాలాసార్లు మనిషి కాదు, బాట్, అంటే మనిషి బదులు ఆడే ప్రోగ్రామ్. బాట్‌లని పట్టి బ్యాన్ చేయడం ఎలాగూ ఆగకూడదు, కానీ వాటి కూలి పడిపోతే వాటిని నడిపేవాడికే ఆసక్తి పోతుంది.

బగ్‌ల సంగతి వేరే చెప్పాలి. 2013 మేలో డయాబ్లో 3 ప్యాచ్ తర్వాత ఆక్షన్ హౌస్‌లో గోల్డ్‌ని రెట్టింపు చేసే లోపం బయటపడి, లక్షల కోట్ల గోల్డ్ పుట్టుకొచ్చింది. ఆక్షన్ హౌస్‌ని ఆపేసి శుభ్రం చేశారు, 2014 మార్చిలో మొత్తానికే మూసేశారు. ఇలాంటప్పుడు ఏ ఆర్థిక సిద్ధాంతమూ అక్కర్లేదు, ఒక్కో ఖాతాకి గంటలో ఎంత గోల్డ్ వచ్చిందో చూసి మోగే అలారం ఉంటే చాలు.

అలాగని కుళాయిని పూర్తిగా బిగించమనడం లేదు. 2021లో న్యూ వరల్డ్ అనే గేమ్ ఆ వైపు తప్పు ఎలా ఉంటుందో చూపించింది. క్వెస్ట్‌లు అయిపోయాక గోల్డ్ వచ్చే దారి తగ్గింది, పన్నులు, రిపేర్లు మాత్రం పీలుస్తూనే ఉన్నాయి. జనం గోల్డ్ ఖర్చుపెట్టడం మానేసి వస్తుమార్పిడికి దిగారు. ఇంతలో నవంబర్‌లో డూప్ బగ్‌లు, అంటే గోల్డ్‌నీ వస్తువుల్నీ నకళ్లు తీసే లోపాలు, బయటపడి లావాదేవీలనే ఆపాల్సి వచ్చింది. కొన్ని వారాల్లోనే కరువూ వరదా రెండూ చూసిన లోకం అది.

నన్నడిగితే మొత్తం గోల్డ్ ఎంత పెరిగిందన్నది చూడాల్సిన అంకెల్లో రెండోది. మొదటిది: ఈ రోజు చేరిన ఆటగాడు, ఎవరి సాయం లేకుండా, మధ్యస్థాయి కత్తీ కవచం మార్కెట్లో కొనడానికి ఎన్ని గంటలు ఆడాలి? ప్రతి నెలా ఇది లెక్కగట్టి బయటపెట్టండి. ఈవ్ ఎన్నో ఏళ్లుగా నెలవారీ ఆర్థిక నివేదిక ఇస్తోంది, ఏ కుళాయిలో ఎంత వచ్చింది, ఏ తూములో ఎంత పోయింది అన్నీ బొమ్మలతో సహా, కాబట్టి అది అసాధ్యమైన పనేమీ కాదు. ఆ గంటలు ఆరు నెలల్లో రెట్టింపయితే పన్ను పెంచాలా, బౌంటీ తగ్గించాలా అని అప్పుడు తీరిగ్గా కొట్టుకోవచ్చు. మా గేమ్‌లో అలాంటి లెక్క ఎవరూ వేయలేదు. నేను పంపిన గోల్డ్‌తో ఆ కుర్రాడు కొన్న గుర్రం మాత్రం ఇంకా వాడి ఖాతాలోనే ఉండి ఉంటుంది.