సరఫరా సాకు, నాలుగంగుళాల గోడ

హైదరాబాద్‌లో ఫ్లాట్ల నాణ్యత ప్రస్తావన రాగానే 'సరఫరా' అనే మాట అడ్డం వేయడం అలవాటైపోయింది. పక్కింటి, పైఇంటి శబ్దం వినిపించకుండా కట్టాలని నిబంధన పెడితే ఖర్చు పెరిగి ఇళ్లు తగ్గుతాయన్నది బిల్డర్ల వాదన. ఇళ్లు ఇంకా రావాలి, నిజమే. దానికి గోడ పలచబడాలా?

2006లో జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ (స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చనే లెక్క) పరిమితినే ఎత్తేసింది. ఆకాశమంత వెసులుబాటు పుచ్చుకున్నవారికి క్లబ్‌హౌస్, ఈతకొలను, ఇటాలియన్ మార్బుల్ దగ్గర గుర్తురాని సరఫరా, శబ్దం ఆపేందుకు టైల్స్ కింద పరిచే రబ్బరు షీటు దగ్గరే గుర్తొస్తోంది!

గోడ ఆపే శబ్దం ప్రధానంగా దాని బరువును బట్టి ఉంటుంది. బరువు రెట్టింపైతే దాదాపు 5 డెసిబుల్స్ అదనంగా ఆగుతుంది. ప్లాస్టరింగ్ చేసిన నాలుగంగుళాల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మ) గోడ చదరపు మీటరుకు వంద కిలోలు తూగితే గొప్ప. తొమ్మిదంగుళాల ఇటుక గోడ నాలుగు వందలు దాటుతుంది. ఆ పలచని గోడనూ రెండు వైపులా ఒకేచోట తొలిచి స్విచ్ బాక్సులు బిగిస్తే మధ్యలో మిగిలేది ఎంత? ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున్న తలుపు కింద అరంగుళం సందు దాని వైశాల్యంలో 0.6 శాతమే. ఆ సందు ఒక్కటి చాలు, టేకు తలుపైనా 22 డెసిబుల్స్‌కు మించి ఆపలేదు. గుడ్ల అట్టలు, ఫోమ్ అతికించమనే ఉచిత సలహాలు వేరే. అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయే గానీ పక్కింటి టీవీని ఆపవు.

పైఅంతస్తు కుర్చీ ఈడ్పు సంగతి వేరు. అది శ్లాబు నుంచి గోడల్లోకీ దిగుతుంది, కనుక కింద ఫాల్స్ సీలింగ్ వేసినా పూర్తిగా పోదు. శ్లాబు మీద 5 నుంచి 10 మిల్లీమీటర్ల రబ్బరు షీటు పరిచి, దానిపై రెండంగుళాల కాంక్రీటు పోసి, అప్పుడు టైల్స్ వేయాలి. అంచుల్లో షీటును గోడ వెంబడి పైకి మడవాలి. అతుకుల్లోంచి సిమెంటు పాలు జారి శ్లాబును అంటుకున్నా, టైలు గోడను తాకినా పడ్డ పాట్లన్నీ వృథా. అందుకే పని జరిగేటప్పుడే ఇంజనీరు దగ్గరుండి చూడాలి. టైల్స్ పడ్డాక సరిచేయాలంటే నేలంతా పగలగొట్టాల్సిందే.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ఎనిమిదో భాగంలో శబ్ద నియంత్రణకు ప్రత్యేక విభాగమే ఉంది. కానీ అది సిఫారసుగానే మిగిలింది. ఇంగ్లాండ్‌లో కొత్త ఫ్లాట్ల మధ్య గోడ 45 డెసిబుల్స్ ఆపాలి. కట్టాక కొలిచి చూస్తారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ సరఫరాను ఎలా చంపుతుంది?

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు ఫైర్ ఎన్‌ఓసీ అడిగే పురపాలక శాఖ, టవరుకు నాలుగు ఫ్లాట్లలో శబ్దం కొలిపించలేదా? ఒక స్పీకరు, ఒక మీటరు, ఒక పూట పని. అదీ చేయించలేని అధికారులు బిల్డర్ల పాట తాము పాడటమైనా మానాలి.